కుందేలు పిడి జగ్గు

లడ్లో
20 జనవరి 1963

ప్రియమైన ఏవరిల్ వదినకు,

మీ మరదలు డోర్కస్ వందనాలు.

కవరు మీద నా చేతిరాత చూసి మీరు కంగారుపడతారని తెలుసు. మీ తమ్ముడు బాగానే ఉన్నారు. మా ఇంట్లో ఉత్తరాలు రాసేది ఎప్పుడూ ఆయనే. చివర్లో ‘డోర్కస్ కూడా అడిగానని చెప్పమంది’ అనిపించుకోవడమే నా వంతు. ఈసారి మాత్రం నేనే కలం పట్టక తప్పలేదు. ఫోను కొట్లో ఉంది, ఆయన దాని పక్కనే కూర్చుంటారు. చర్చి అయ్యగారితో చెప్పుకుందామంటే, ఆయన దయగల మనిషే గాని, ఆ దయకొద్దీ పదిమందికి చెప్పి ప్రార్థన చేయిస్తారు. మీ తమ్ముడికి తెలియకుండా అడగవలసిన మాట ఇది. మిమ్మల్ని తప్ప ఎవరినీ అడగలేను.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. నది గడ్డకట్టి పిల్లలు దాని మీద నడుస్తున్నారు. నేల ఇలా ఉంటే విత్తనాలు ఎవరు కొంటారు? కొట్లో బేరాల్లేవు. అయినా మీ తమ్ముడు ఉల్లాసంగానే ఉన్నారు. రోజూ కొట్టు తెరవబోయే ముందు ముందుగదిలోకి వెళ్లి మీ ఇంటి జగ్గును చూసి వస్తారు. మీరు ఇన్నేళ్లు మీ అల్మారాలో చూసుకున్నదే, మీకు చెప్పేదేముంది. కాళ్లకు బదులు మూడు కప్పల మీద నిలబడ్డ చిన్న వెండి పాల జగ్గు. పిడి ఉండవలసిన చోట ఒళ్లంతా సాగదీసిన కుందేలు, లోపల మీగడ ఉందో లేదో అని అంచు మీదుగా తొంగిచూస్తూ. నిన్న ఆయన దానితో మాట్లాడుతుంటే విన్నాను. “ఏమే, రాత్రి చలికి ఏమైనా దూకావా?” అంటున్నారు.

దాన్ని మీ దగ్గర కొనడానికి, తను పోగేసిన వెండి చెంచాలన్నీ కర్నల్ ఓక్లీగారికి అమ్మేశారని మీకు తెలుసు. పాతకాలంలో టీ చెంచాలు బల్ల మీద బోర్లా పెట్టేవారు గనుక బొమ్మలన్నీ వాటి వీపు మీదే ఉండేవి. ఉడుత, పిల్లల్ని వెంటేసుకున్న కోడిపెట్ట, పంజరంలోంచి బయటపడ్డ పిట్ట. పెళ్లయిన కొత్తలో మీ తమ్ముడు నాతో మాట్లాడిన ముద్దుమాటలన్నీ ఆ చెంచాల గురించే. అవి ఉండే సొరుగు ఇప్పుడు ఖాళీ. కుట్టు దారాలు పెట్టుకోమన్నారు. నాకు చేతులు రాలేదు.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం పొగగొట్టంలోని మసి రాలి జగ్గు మీద పడింది. కడుగుదామని వంటింట్లోకి తెచ్చాను. పొయ్యి మీద బట్టలు ఉడుకుతున్నాయి. అంత చల్లటి గదిలోంచి వచ్చిన వెండి కదా, ఆవిరి తగలగానే మొత్తం మసకబారింది. తుడవబోయి ఆగిపోయాను. మసక విడిపోతుంటే ఒక గీత బయటపడింది.

మీ తమ్ముడు ఏ వస్తువు తెచ్చినా ముందు కిటికీ దగ్గర నిలబడి దాని మీద నోటితో ఊదుతారు. మాటు పెట్టి అతికిన చోట ఆ ఆవిరి వేరుగా విడిపోయి గీత కనబడుతుంది. ఈ విద్య ఆయనకు నేర్పింది మీ ఆయనే, డెస్మండ్ అన్నయ్యే. కానీ మీ ఇంటి నుంచి వచ్చిన ఈ జగ్గు మీద మాత్రం ఆయన ఊదలేదు. ఊదాలని ఆయనకు తోచను కూడా లేదనుకుంటాను.

వదినా, అన్నయ్య ఉన్నప్పుడు ఆ జగ్గును ఎప్పుడైనా మరమ్మతు చేయించారా? చేయించామని ఒక్క ముక్క రాయండి, నాకు నిద్ర పడుతుంది. ఏప్రిల్లో ఇక్కడి వెండి సంఘంవాళ్లు, అదే కర్నల్‌గారూ పాత వెండి సేకరించే మిగతావాళ్లూ, ప్రదర్శన పెడుతున్నారు. ఆయన దాన్ని అందులో ఉంచబోతున్నారు.

మీ మరదలు,
డోర్కస్


విట్బీ
29 జనవరి

డోర్కస్‌కు,

నీ చేతిరాత చూసి మా తమ్ముడు పోయాడనుకుని పోస్టతని ముందే మెట్ల మీద కూలబడ్డాను. అతను నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తీరా చదివితే ఏముంది, జగ్గు మీద గీత! ఇంకోసారి నాకు రాసేటప్పుడు ‘అందరం బతికే ఉన్నాం’ అని కవరు మీదే రాయి తల్లీ.

పాత వెండి అంటే ముసలి మనిషిలాంటిదే. నీకు యాభై వచ్చాయి, నేను నీకంటే పెద్దదాన్ని. మన మొహాల మీద గీతలు లేవా? ఎవరి దగ్గరో ఏ పనిమనిషో ఎప్పుడో దాన్ని కింద పడేసి ఉంటుంది. అడుగున, ఆ మూడు కప్పల మధ్య గుండ్రంగా గీత కనబడిందంటే అక్కడ సొట్ట తీయించారని అర్థం. సొట్ట తీస్తే అలాగే గుండ్రంగా ఉంటుంది. డెస్మండ్ ఉంటే నిన్ను కూర్చోబెట్టి రెండు గంటలు దీని గురించే చెప్పేవాడు. నువ్వు ఆవలించేదానివి. నీ అదృష్టం, ఆయన లేడు.

మా లాంబర్ట్‌కు ఇదంతా చెప్పి వాడి సంతోషం పాడుచేయకు. చిన్నప్పటినుంచీ వాడికి దక్కినవన్నీ అన్నలు తొడిగి విడిచిన చొక్కాలే. మొదటిసారి వాడి చేతికి నలుగురూ చూసి కుళ్లుకునే వస్తువు వచ్చింది. వాణ్ణి కాసేపు మురిసిపోనీ. నువ్వు చర్చిలో ఇత్తడి తోముకో. వెండి సంగతి మాకు వదిలెయ్.

ఇక్కడ రేవులో కూడా మంచు పేరుకుంది. మా పాత వస్తువుల కొట్లోకి ఈ నెల అంతా కలిపి వచ్చింది ఒకే మనిషి. వాడూ దారి అడిగి వెళ్లిపోయాడు.

ఏవరిల్


లడ్లో
10 ఫిబ్రవరి

ప్రియమైన వదినకు,

మీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు ప్రాణం కుదుటపడింది. రెండోసారి చదివాక మళ్లీ కూర్చున్నాను.

మీ మాటకు ఎదురు చెప్పాలని కాదు వదినా. నేను రాసింది ‘ఒక గీత’ అని మాత్రమే. అది అడుగున ఉందని గాని, గుండ్రంగా ఉందని గాని నేను రాయలేదు. ఏం రాశానో బాగా గుర్తుచేసుకున్నాను. రాయలేదు.

ఆ గుండ్రం లోపలే ముద్రలన్నీ ఉన్నాయి. చేసినవాడి ముద్ర, ఊరి ముద్ర, ఏ ఏడు చేశారో తెలిపే సంవత్సరం అక్షరం, అన్నీ. గీతకు అవతల ఒక్కటీ లేదు. ఇలాంటివి మీ తమ్ముడు భోజనాల దగ్గర నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఎవరో ఒక పనికిరాని పాత పళ్లెం కొంటారట. ముద్రలున్నంత మేరకు గుండ్రంగా కోస్తారట. నిన్నగాక మొన్న చేసిన వస్తువు అడుగున దాన్ని అతికేసి, రెండు వందల ఏళ్ల నాటిదని అమ్ముతారట. “అలాంటివాణ్ణి ఏం చేయాలో తెలుసా డోర్కస్?” అని ఆయనే అడిగి, “వాడి భోజనం వాడు చేసిన పళ్లెంలోనే పెట్టాలి” అని ఆయనే నవ్వేవారు.

నేను నవ్వుతూ పప్పు వడ్డించేదాన్ని. బఠానీల పప్పు, ఆయనకు ఇష్టం.

పోయిన శుక్రవారం సంఘంవాళ్లు మా ఇంటికి టీకి వచ్చారు. కర్నల్‌గారు జగ్గును చేతిలో తిప్పి తిప్పి చూసి, మీ తమ్ముడితో, “పార్డో, ఇలాంటి దాన్ని లండన్లో ముద్రలు పరీక్షించే పెద్దలకు చూపించాలయ్యా. వాళ్ల కాగితం ఒకటి పక్కన పెడితే ఇక మా నోళ్లు మూతపడతాయి” అన్నారు.

“మీ నోళ్లు మూసేస్తే మా ఆవిడ చేసిన కేకు ఎవరు తింటారు కర్నల్‌గారూ?” అన్నారు మీ తమ్ముడు.

“విత్తనాల కొట్టువాడు కుందేల్ని పెంచుతున్నాడంటే వాడి లెక్క నాకు అర్థం కాదు.”

“ఇది వెండి తప్ప ఇంకేం తినదు లెండి.”

అందరూ నవ్వారు. ఇన్నేళ్లుగా వాళ్లు ఈయన్ని చూసి నవ్వడమే గాని, ఈయన మాటకు నవ్వింది ఆ రోజే. వాళ్లు వెళ్లాక ఆయన కప్పులు తనే ఎత్తి వంటింట్లోకి తెచ్చారు. లండన్‌కు వెళ్దామనే అనుకుంటున్నారు.

ఆయనకు చెప్పడానికి నాకు అనుమతి ఇవ్వండి. మీరే చెబితే ఇంకా మంచిది. మీ నోటి నుంచి వస్తే ఆయనకు బాధ కలుగుతుందేమో గాని, అవమానం ఉండదు.

డోర్కస్


విట్బీ
26 ఫిబ్రవరి

డోర్కస్,

రేపు భస్మ బుధవారం. నువ్వు నుదుటన బూడిద పెట్టించుకుని మోకాళ్ల మీద ఉంటావు. ఈ ఉత్తరం అంతకుముందే అందాలని రాస్తున్నాను.

నీకు పోలీసు ఉద్యోగం ఎందుకు రాలేదో నాకు తెలియడం లేదు. మెల్లగా మాట్లాడేవాళ్లంటే నాకు మొదటినుంచీ భయమే. అరిచేవాళ్లతో తిరిగి అరవచ్చు.

సరే. వెనక గదిలో డెస్మండ్ బల్ల ఉండేది. రాత్రి భోజనమయ్యాక తలుపు వేసుకునేవాడు. ఆకురాయి చప్పుడు నేను కుర్చీలో కూర్చుని వినేదాన్ని. లోపలికి వెళ్లి చూడలేదు. చూడకుండా ఉండడం కూడా ఒక పనే, పెళ్లయిన ఆడదానివి నీకు నేను చెప్పాలా? ఆయన కుందేళ్లను ఎంత బాగా చేసేవాడు! దాని చెవులు చూశావా? అంత బాగా చేసిన మనిషి తన పేరు పెట్టుకుని అమ్ముకోవచ్చు కదా అంటావు. కొత్తదాన్ని ఎవరు కొంటారు? మన జనానికి చచ్చినవాడు చేసిందే కావాలి.

తమ్ముడికి నేను అంటగట్టానని మాత్రం అనుకోకు. ఆయన్ని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం వాడే అల్మారా ముందు నిలబడి, “అక్కా, ఇది బయటివాళ్ల చేతికి పోనివ్వకు” అన్నాడు. వద్దన్నాను. మర్నాడూ అడిగాడు. వద్దన్నాను. బావ గుర్తుగా ఉంటుందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు నేనేం చెప్పాలి? ‘నీ బావ మోసగాడురా, ఆయన గుర్తుగా వేరే ఏదైనా తీసుకో’ అని చెప్పమంటావా, ఇంకా పూలు వాడకముందే?

ఇప్పుడు విను. కొట్టు అమ్మకానికి పెట్టాను. కొనేవాళ్లు దొరికారు. ఈస్టర్ దాటాక సంతకాలు. ఈలోగా ఆ జగ్గు లండన్ చేరిందంటే, అది ఏ కొట్టు నుంచి వచ్చిందని అడుగుతారు. వచ్చి నా అల్మారాలో ప్రతి వస్తువు మీదా ఊదుతారు. అందులో ఏది నిజమో ఏది కాదో దేవుడి సాక్షిగా నాకే తెలియదు. ఆ బేరం చెడితే నాకు బతికే దారి లేదు. డెస్మండ్ చేతులు మట్టిలో ఉన్నాయి. ఇప్పుడు వాటికి సంకెళ్లు వేయిస్తావా?

ఈస్టర్ దాకా ఓపిక పట్టు. ఆ తర్వాత నేనే రైలెక్కి వచ్చి వాడి ఎదుట కూర్చుని చెబుతాను. ఈలోగా వాడు లండన్ వెళ్లకుండా చూడు. ఆ మాత్రం నీకు చేతకాదా? జలుబు చేసిందను, నడుం పట్టేసిందను. మొగుళ్లను ఆపడానికి మనకు ఇంకేం ఉన్నాయి?

ఏవరిల్


లడ్లో
24 మార్చి

ప్రియమైన వదినకు,

మీరు చెప్పినట్టే ఆగాను. తప్పో ఒప్పో తెలియకుండానే ఆగాను. రోజూ ప్రార్థనలో మీ పేరు, ఆయన పేరు పక్కపక్కనే పెడుతున్నాను. పెట్టాక ఇంకేమీ అడగలేక లేచిపోతున్నాను.

మంచు పోయింది. కొట్లో జనం కిటకిటలాడుతున్నారు. ఇంత పనిలో లండన్ మాట మరిచిపోతారనుకున్నాను. మరిచిపోలేదు. వచ్చే మంగళవారం బయలుదేరుతున్నారు. నా నడుం పట్టేసిందన్నాను. పక్కింటి మిసెస్ గఫ్‌ను సాయానికి పిలిచి, నాకు వేడినీళ్ల సీసా ఇచ్చి, “రెండు రోజుల్లో వచ్చేస్తాను, కదలకు” అన్నారు. వదినా, నాకు అబద్ధమాడటం కూడా రాదు.

నిన్న జగ్గును ప్యాక్ చేస్తున్నారు. మేం బఠానీ విత్తనాలు పంపే చెక్కపెట్టె తెచ్చి, అందులో పొట్టు పోసి, జగ్గుకు తన పాత ఉన్ని మేజోడు తొడిగారు. కుందేలు చెవులు మాత్రం బయటికి ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“ఏమండీ, ఒక్కసారి దాని మీద ఊది చూడరాదూ?”

“దేని మీద?”

“జగ్గు మీద. లండన్‌వాళ్లు ఊదకముందు మీరే ఒకసారి...”

ఆయన నన్ను వింతగా చూశారు. తర్వాత నవ్వారు. “అక్క ఇంటి వస్తువు మీద ఊదడమా? అక్క ఇంటికి భోజనానికి వెళ్లి కూర వాసన చూసినట్టుంటుంది.”

“అందరి వస్తువుల మీదా ఊదుతారు కదా.”

“అందరూ మా అక్క కాదు కదే.”

చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన మొహం చూశాను. మీరు ఆగమన్న మాట గుర్తొచ్చింది. “పొట్టు ఇంకాస్త పోయండి” అని వచ్చేశాను.

ఇక ఒక్కటే దారి ఉంది. మీరు ఆయనకు తంతి కొట్టండి. కారణం ఏమీ రాయకండి. ‘జగ్గు లండన్ తీసుకెళ్లకు, నేను వస్తున్నాను, అక్క’ అని చాలు. మీరు వద్దంటే ఆయన స్టేషను దాకా వెళ్లినా వెనక్కి వస్తారు. ఎందుకని కూడా అడగరు. మిమ్మల్ని వేడుకుంటున్నాను.

డోర్కస్


విట్బీ
2 ఏప్రిల్

డోర్కస్‌కు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. కొట్టు కొనేవాళ్లు చూడటానికి వచ్చారు, తీరిక లేకపోయింది. భార్యాభర్తలిద్దరూ మంచివాళ్లలాగే ఉన్నారు. ఆవిడకు పింగాణీ అంటే ఇష్టమట.

తంతి ఆఫీసు దాకా వెళ్లాను. వరసలో ముందు ఇద్దరున్నారు. నిలబడ్డాను. తర్వాత గాలి బాగా పెరిగింది, ఇంటికి వచ్చేశాను.

పడవలు వెళ్తున్నాయి. పీతలు బాగా పడుతున్నాయట. మా లాంబర్ట్‌కు ఇష్టమని ఒక సీసా పచ్చడి పెట్టాను, పార్సిల్ చేస్తాను.

వాడు వచ్చేసే ఉంటాడు ఈపాటికి. ఏమైందో కార్డు మీద రాయకు. ఇక్కడి పోస్టతను కార్డులు చదువుతాడు.

ఏవరిల్


లడ్లో
12 మే

వదినకు,

పీతల పచ్చడి అందింది. మీ తమ్ముడు ముట్టలేదు. పారేయడానికి మనసొప్పక చర్చి సంతకు ఇచ్చేశాను.

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కోపం కారణం కాదు. ఏమి జరిగిందో నాకే ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆయన ఒకేసారి చెప్పలేదు.

లండన్లో ముగ్గురు పెద్దమనుషులు బల్ల అవతల కూర్చున్నారట. చాలా మర్యాదగా మాట్లాడారట. ఒకాయన జగ్గును మేజోడులోంచి తీస్తూ, “ఈ కుందేలుకు చలి ఎక్కువే” అని నవ్వాడట. తర్వాత అడుగు పైకి తిప్పి ఊదాడట. ఊది, మీ తమ్ముడి చేతికే ఇచ్చాడట. “నేను చూసేసరికి ఆవిరి ఇంకా పూర్తిగా పోలేదు” అన్నారు మీ తమ్ముడు నాతో. అంతకుమించి ఆ గీత గురించి ఒక్క మాట చెప్పలేదు.

దొంగ ముద్రలున్న వస్తువును అలాగే తిరిగి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదట. ఉంచుకున్నారు. ఎవరి దగ్గర కొన్నారని అడిగారట.

“సంతలో” అన్నారట ఈయన.

“ఏ సంతలో?”

“గుర్తులేదు.”

“అమ్మింది ఎవరు?”

“ఎవరో. మొహం గుర్తులేదు.”

ఏ రైతు ఏ ఏడు ఏ విత్తనం కొన్నాడో అడిగితే చెప్పగల మనిషి, వదినా. పక్కవాళ్లకు మేలు చేయడానికైనా సరే, ఆయన అబద్ధమాడగా నేను వినలేదు. లండన్లో మొదటిసారి ఆడారు. అదీ అందరికీ అబద్ధమని తెలిసేలా.

కర్నల్‌గారికి ఆ సంగతి ఎలా చేరిందో తెలియదు. ఈస్టర్ అయ్యాక సంఘం కర్నల్‌గారి ఇంట్లో కూడింది. మమ్మల్నిద్దర్నీ పిలిచారు. వెళ్లేసరికి బల్ల మీద మీ తమ్ముడి చెంచాలన్నీ పరిచి ఉన్నాయి, బోర్లా. కర్నల్‌గారు ఒక్కొక్కటీ ఎత్తి, దాని మీద ఊది, వెలుతురులో పెట్టి చూశారు. “ఉడుత, నిఖార్సే. కోడిపెట్ట, నిఖార్సే” అని గట్టిగా చెబుతూ పక్కన పెట్టారు. “క్షమించాలి పార్డో. ఎక్కడ కొన్నారో గుర్తులేని మనిషి దగ్గర కొన్న వస్తువులు కదా, చూసుకోవాలిగా” అన్నారు. మీ తమ్ముడు టోపీ చేతిలో పట్టుకుని చివరి చెంచా దాకా నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నీ నిఖార్సే. ఆ మాట అయిపోయాక కూడా ఎవరూ ఆయన వైపు చూడలేదు. వెనకనుంచి ఒకాయన, “మొక్కలు పెంచే అద్దాల గదికి గొట్టాలు ఈయనే మాటు పెట్టి అతుక్కున్నాడటగా, చెయ్యి బాగా తిరిగినవాడే” అన్నాడు. జగ్గు అడుగు అతికిందీ ఈయనేనన్నట్టు, నాకు వినబడాలనే అన్నాడు.

ఇంటికి వచ్చాక నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆయన వెనక కుర్చీలో కూర్చున్నారు.

“ఊది చూడమన్నావు కదా ఆ రోజు. నీకు ఎప్పుడు తెలిసింది?”

“జనవరిలో.”

“అక్కకు?”

నేను కడిగిన గిన్నెనే మళ్లీ కడిగాను. దాంతోనే ఆయనకు తెలిసిపోయింది.

“సరే” అన్నారు. కాసేపటికి, “అలసిపోయావు, వెళ్లి పడుకో” అన్నారు.

కోప్పడితే బాగుండేది. ఆయనకు ఈ లోకంలో ఊదకుండా నమ్మిన మనుషులు ఇద్దరే, మీరూ నేనూ.

డోర్కస్


విట్బీ
19 మే

డోర్కస్,

చదివాను. చదివి, వాకిట్లోకి వెళ్లి, లోపలికి వచ్చి మళ్లీ చదివాను.

నన్ను తిట్టలేదు నువ్వు. ఒక్క ముక్క తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకు కాస్త ఊపిరి ఆడేది. నీ పద్ధతి అదే కదా.

కొట్టు అమ్ముడైంది. పోయిన వారమే సంతకాలు. ఆవిడ అల్మారాలోని వెండి అంతా వద్దంది, పింగాణీ మాత్రమే పెడుతుందట. నవ్వాలో ఏడవాలో చెప్పు. నేను దేనికి భయపడి మీ ఇంటిని తగలబెట్టానో, అది ఆవిడ చూడను కూడా లేదు.

ఇప్పుడు నాకు భయం లేదు. ఆ కర్నల్‌కు నేను రాస్తాను. జగ్గు నా ఇంటిదని, నా మొగుడు చేశాడని, మా తమ్ముడికి ఏమీ తెలియదని మొత్తం రాస్తాను. కావాలంటే వచ్చి వాళ్ల బల్ల ముందు నిలబడి చెబుతాను. ఆ ఊళ్లో అందరూ నా మొహాన ఉమ్మనీ. లండన్‌కు కూడా రాస్తాను. వాణ్ణి ఒక్క మాట అడుగు. సరేనంటే రేపటి రైలుకే వస్తాను.

వాణ్ణి నేనే ఎత్తుకుని పెంచానే డోర్కస్. వాడికి నడక నేర్పింది నేను. ఆ తంతి ఆఫీసు వరసలో ముందు ఇద్దరే ఉన్నారు. ఇద్దరే.

రమ్మని రాయి.

ఏవరిల్


లడ్లో
8 సెప్టెంబరు

ప్రియమైన వదినకు,

వేసవి అంతా ఈ జవాబు రాయలేకపోయాను. మీరు రోజూ పోస్టు కోసం చూసి ఉంటారు. క్షమించండి.

మీ ఉత్తరం వచ్చిన రోజే ఆయన్ని అడిగాను. తోటలో చిక్కుడు తీగలకు కర్రలు పాతుతున్నారు. మీరు రాసిందంతా చెప్పాను, చెప్పినంతసేపూ కర్ర చేత్తో పట్టుకునే ఉన్నారు.

“అక్కను ఏమీ రాయవద్దను” అన్నారు.

“మీ మీద పడ్డ నింద పోతుంది కదండీ.”

“వాళ్లు నమ్ముతారు. తర్వాత? నేను మళ్లీ వెళ్లి వాళ్లతో కూర్చుని టీ తాగాలా?”

“పోనీ, వదినను రమ్మందామా?”

“వస్తే తలుపు తీస్తాను డోర్కస్. తీయకుండా ఎలా ఉంటాను? కానీ ఏం మాట్లాడాలో తెలియదు. ఆవిడ వచ్చి ఏడుస్తుంది. నేను ఓదార్చాలి. ఇప్పుడు నావల్ల కాదు” అన్నారు. కర్ర పాతి, తాడు కట్టి, రెండో కర్ర తీసుకున్నారు.

అందుకే రమ్మని రాయలేకపోయాను. రావద్దని రాయడానికి చేతులు రాలేదు. అలా నెలలు గడిచిపోయాయి. మరో మాట చెబితే బాగుండు, కానీ ఆయన అన్నది ఇంతే.

జగ్గు జూలైలో తిరిగి వచ్చింది. అతికిన అడుగు తీసేసి, మంచి వెండే గనుక కొత్త అడుగు వేయించి, కొత్త ముద్రలు కొట్టి పంపారు. దాని మీద ఈ సంవత్సరం అక్షరమే ఉంది. చట్టం లెక్కలో ఆ కుందేలు ఈ ఏడే పుట్టింది. చేసినవాడి పేరు ఉండవలసిన చోట మీ తమ్ముడి పేరులోని పొడి అక్షరాలు ఉన్నాయి. అప్పగించినవాడి పేరే వేయాలట. ఎవరూ తప్పు చేయలేదు, అది అక్కడి పద్ధతి. ఆయన దాన్ని భూతద్దంతో చూసి, భూతద్దాన్ని సొరుగులో పెట్టేశారు. మళ్లీ తీయలేదు.

దాన్ని వాడకానికి పెట్టమన్నారు. రోజూ పొద్దున అందులో పాలు పోసి బల్ల మీద పెడతాను. ఆయన టీలో పాలు వేసుకోవడం మానేశారు. ఎందుకని నేను అడగలేదు. నేను మాత్రం వేసుకుంటాను. జగ్గు ఆయన వైపు నుంచి అందుకోవాలి, అందిస్తారు.

నాతో మంచిగానే ఉన్నారు. చాలా మంచిగా ఉన్నారు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ ‘థాంక్స్’ చెప్పిన మనిషి కాదు. ఆ అవసరమే ఉండేది కాదు. ఇప్పుడు ఉప్పు అందించినా “థాంక్స్ డోర్కస్” అంటారు. ఆదివారం నా పక్కనే నిలబడి కీర్తన పాడతారు. పాట పుస్తకం సగం నా వైపు ఉంచుతారు. అయ్యగారు మొన్న నాతో, “మీ జంటను చూస్తే ముచ్చటేస్తుందమ్మా” అన్నారు.

ప్రార్థన మానలేదు. దేవుడు జవాబివ్వడం లేదని కాదు. ఆయన ఎదుట మోకరించాక ఏమి అడగాలో తెలియడం లేదు. నేను ఈస్టర్ దాకా ఆగింది మీ మీద ప్రేమతోనా, చెప్పడానికి ధైర్యం లేకనా? అదైనా చెప్పమని దేవుణ్ణే అడుగుతున్నాను.

మీకు చివరిగా ఒక మనవి. నేను రాసిన ఉత్తరాలు మీ దగ్గర ఉంటే చింపకండి, పొయ్యిలో వేయకండి. మీవి నా దగ్గర ఉన్నాయి, నా బైబిలు ఉన్న పెట్టెలో పెట్టాను. మీ తమ్ముడు మోసగాడు కాదని చెప్పే సాక్ష్యం ఈ భూమ్మీద ఈ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకని ఇవి ఉండాలి. కానీ ఎవరికీ చూపకండి వదినా. ఆ కర్నల్‌గారికి గాని, మీ ఊరి అయ్యగారికి గాని, రేపు మేమిద్దరమూ లేకపోయాక ఇంకెవరికైనా గాని. ఆయన అంత నిందా మోసింది ఈ సంగతి బయటికి రాకూడదనే. ఆయన కోరుకున్నవాటిలో మనం ఇంకా తీర్చగలిగింది అదొక్కటే మిగిలింది.

మీ మరదలు,
డోర్కస్